ఆకాశం రంగు పరికిణీ

పడమటి కొండల నడుమ సోమకోట అని ఒకానొక రాజ్యం ఉండేదట. దాన్ని ఏలిన రాజు పేరు విజయకేతనుడు. ఆ పేరుతో ఆగితే బాగానే ఉండును. కానీ ఆయన సింహాసనం మీద కూర్చోగానే వందిమాగధులు నూట ఎనిమిది బిరుదులు చదవాలి. ఒక్కటి తప్పినా మళ్ళీ మొదటికి వెళ్ళాలి. తెల్లవారగానే వచ్చి నిలబడ్డ మనిషి మొర రాజు చెవిన పడేసరికి పొద్దు నడినెత్తికి ఎక్కేది.

ఆ కొలువులో దేచన అనే మాటకారి ఉండేవాడు. యాభై దాటిన మనిషి, బక్కపలచన. రాజు గర్వాన్ని నొప్పి తెలియకుండా గిల్లి, పైగా ఆ రాజు చేతే నవ్వించగలడు. అతని కూడూ గుడ్డా ఆ నాలుక సంపాదించి పెట్టినవే.

అయితే ఆ ఏడు సోమకోటలో నవ్వు కరువైపోయింది.

రాజుకు లేకలేక పుట్టిన కూతురు మందాకిని. ఏడేళ్ళ పిల్ల. వానలు వెనకబట్టిన రోజుల్లో ఆ పిల్లకు జ్వరం తగిలింది. తొమ్మిది రోజులు ఒళ్ళు పెనంలా కాలింది. తొమ్మిదో రోజు పొద్దున్నే కాస్త తేరుకుని, మంచం మీంచే కిటికీలోకి చూస్తూ, "నాన్నగారూ, నాకు ఆ రంగు పరికిణీ కావాలి" అంది.

"ఏ రంగు తల్లీ?"

"ఆకాశం రంగు."

"రేపే కుట్టిస్తాను" అన్నాడు రాజు.

ఆ పిల్ల ఆనాటి సాయంత్రం చూడలేదు.

దహనమో ఖననమో ఏదో ఒకటి జరిగింది, రాజుకు ఏదీ గుర్తులేదు. గుర్తున్నది ఒక్కటే, తానిచ్చిన మాట. ఏడాది తిరిగి ఆబ్దికం వచ్చేలోగా ఆకాశం రంగు పరికిణీ కుట్టించి తీరాలనుకున్నాడు. రాజు మాట కదా, రాజు మాట చెల్లకపోతే ఆ నూట ఎనిమిది బిరుదులూ ఎందుకు?

కోట వెనక వాగు ఒడ్డున నీలివాడ ఉండేది. నీలిమందు ఆకు ఊరవేసి, బానల్లో గుడ్డలు ముంచి తీసే అద్దకపువాళ్ళు పదకొండు ఇళ్ళవాళ్ళు. మోచేతుల దాకా నీలం పట్టిన చేతులు వాళ్ళవి. ఎంత తోమినా ఆ రంగు పోదు. వాళ్ళలో పెద్దవాడు గంగప్ప.

పరికిణీ గుడ్డ అద్దాలని రాజు కబురు అందిన నలభయ్యో నాడు గంగప్ప గుడ్డ మడతపెట్టి చంకన పెట్టుకుని, తెలతెలవారుతుండగా కోటకు వచ్చాడు. బిరుదులు మొదలయ్యాయి. యాభై రెండో బిరుదు దగ్గర ఒకడికి దగ్గు వచ్చింది. మళ్ళీ మొదటినుంచి చదివారు. రాజు ఆ గుడ్డను మేడ మీదికి పట్టుకెళ్ళి, తలెత్తి, నడినెత్తిన ఉన్న ఆకాశానికి ఎదురుగా పట్టి చూశాడు. ఆకాశం ముదురుగా ఉంది, గుడ్డ లేతగా ఉంది.

"ఇది కాదు" అని విసిరేశాడు.

గంగప్ప ఏదో చెప్పబోయాడు. భటులు భుజం పట్టి వెనక్కి తోశారు.

ఆ తరవాత ముదురు గుడ్డతో ఇంకొకడు వచ్చాడు. ఆ రోజు మబ్బు కమ్మి ఆకాశం బూడిద పూసుకున్నట్టుంది. అదీ కాదన్నాడు రాజు. మూడోవాడిదీ కాదు, నాలుగోవాడిదీ కాదు.

అప్పుడు ఆస్థాన పండితుడు విరూపాక్ష సోమయాజి లేచాడు. తన శాలువా తాను సర్దుకుని, "మహారాజా, ఇది కూలివాళ్ళకు అంతుపట్టే విషయం కాదు. మేరు పర్వతానికి దక్షిణపు వైపంతా ఇంద్రనీలమణి. దాని కాంతి పడబట్టే మనకు ఆకాశం నీలంగా కనిపిస్తోంది. కనుక ఇంద్రనీలాలు నూరి ఆ పొడిలో గుడ్డ నానబెట్టాలి" అన్నాడు.

ఖజానాలోని నీలాలన్నీ రోట్లో వేసి నూరించారు. మూడు రోజులు గుడ్డ నానబెట్టారు. తీసి చూస్తే తెల్లగుడ్డ తెల్లగుడ్డలాగే ఉంది, కాకపోతే నిండా ఇసక. సోమయాజి ఆ గుడ్డను చూసి, "మణుల జాతి మంచిది కాదు" అని సర్దుకున్నాడు.

 రాజు ముఖం చూస్తే ఎవరికైనా భయం వేస్తుంది. కాస్త నవ్విస్తే ఈ ఉరుము తప్పుతుందనుకున్నాడు దేచన. అలవాటు కొద్దీ నోరు విప్పాడు.

"ప్రభూ, ఆకాశానికి రంగు అద్దినవాడు ఎవడో గాని, నీలివాడ అల్లుడై ఉంటాడు. ఇంటి గుట్టు మామలు బయటపెడతారా?"

ఎవరూ నవ్వలేదు. రాజు మెల్లగా తల తిప్పి చూశాడు.

"అంటే వీళ్ళకు తెలుసన్నమాట. తెలిసే దాస్తున్నారన్నమాట."

దేచన చేతులు జోడించాడు. "నవ్వులకు అన్నాను ప్రభూ."

"నవ్వులకా? నా కూతురి విషయంలోనా?"

 ఆ క్షణంలో దేచన ఇంకో మాట అంటే తన మెడ మీదికి వచ్చేది. అనలేదు. ఆ సాయంత్రమే నీలివాడ మగవాళ్ళు పదకొండు మందినీ చెరసాలలో వేశారు. ఆబ్దికంలోగా గుట్టు చెప్పకపోతే రెండు చేతుల బొటనవేళ్ళూ నరికించాలని రాజాజ్ఞ అయింది. బొటనవేలు లేని చేత్తో తడిగుడ్డ పిండలేరు, బానలోంచి తీయలేరు. చంపనక్కర్లేదు, అదే చావు.

నెలలు గడిచాయి. దేచన సభకు వస్తూనే ఉన్నాడు. ఎవరైనా పలకరిస్తే ఊఁ అనేవాడు, ఆఁ అనేవాడు. రాత్రి భోజనం ముందు పెడితే చెయ్యి కడిగి లేచేవాడు. చెరసాల అధికారిని కలిసి రెండుసార్లు బందీలకు గొంగళ్ళు పంపించాడు. అవి అందాయో లేదో అతనికి తెలియదు.

ఆబ్దికం ఇంకా ఆరు రోజులుందనగా, చెరసాల చెమ్మకు దగ్గు పట్టి గంగప్ప చనిపోయాడు.

మూడో నాడు దేచన నీలివాడకు వెళ్ళాడు. వాడంతా బానలు బోర్లించి ఉన్నాయి. వాగు నీళ్ళు తేటగా పారుతున్నాయి. అంతకుముందు ఎన్నో ఏళ్ళుగా ఆ వాగు నీలం లేకుండా పారింది లేదు.

గంగప్ప భార్య చెంగమ్మ వాకిట్లో మూడు రాళ్ళ పొయ్యి ముందు కూర్చుని ఉంది. పచ్చికట్టెలు అంటుకోక పొగ లేస్తోంది. దేచనను చూసి లేవబోయింది.

"కూర్చో అమ్మా" అని అతనూ ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.  కూర్చున్నాక అన్నాడు. "నీ ఇంటాయన చెరసాలకు పోవడానికి కారణం నేనే. సభలో ఒక వెటకారపు మాట అన్నాను. రాజు దాన్ని నిజమనుకున్నాడు."

చెంగమ్మ పొయ్యిలో పుల్ల ఎగదోసింది.

"తెలుసయ్యా. నన్ను ఒకసారి చూడనిచ్చారు, అప్పుడు చెప్పాడు. నీలివాడ అల్లుడు అన్నారట గదా తమరు."

దేచన తల వంచుకున్నాడు.

"ఆ మాట నాకు చెప్పి ఆయనే నవ్వాడు" అంది చెంగమ్మ. "'ఎంత చక్కగా అన్నాడే ఆ అయ్య! మనకు అల్లుడే గనక ఉంటే ఈ పాటికి విడిపించేవాడు' అన్నాడు. దగ్గొచ్చేదాకా నవ్వాడు."

దేచన అంతవరకు ఏడవలేదు. అప్పుడు పైపంచె ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

పంచె తీసేసరికి ఎదురుగా పొగ కనిపించింది. ఇంటి గుమ్మం లోపల చీకటిగా ఉంది. ఆ చీకటికి ముందుగా లేచే పొగ నీలంగా ఉంది. అదే పొగ చూరు దాటి పైకి, ఎండవెలుగులోకి పోయేసరికి మట్టిరంగుకు తిరిగింది. దేచన కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"చెంగమ్మా, ఈ పొగ నీలంగా ఉందేం?"

"పొగకు రంగెక్కడిదయ్యా! వెనక చీకటుంటే నీలం, వెనక వెలుగుంటే గోధుమ. కుండెడు నీళ్ళలో నాలుగు పాలచుక్కలు పడినా అంతే, ఎండ తగిలితే పక్కనుంచి నీలిచాయ కొడుతుంది. రంగులమ్ముకునే వాళ్ళం, మాకు తెలియదా? ఉన్న రంగును అద్దొచ్చు గాని లేని రంగును ఎట్లా అద్దుతామని మా ఇంటాయన అననే అన్నాడు."

"మరి ఆయన గుడ్డ ఎట్లా తెచ్చాడు?"

చెంగమ్మ లేచి లోపలికి వెళ్ళి మట్టికుండలోంచి ఒక మడత తెచ్చింది. రాజు విసిరేసిన గుడ్డ. "అంతఃపురం దాసీని అడిగాడయ్యా. పాప ఎక్కడినుంచి చూసింది, ఏ వేళప్పుడు చూసింది అని. పడమటి కిటికీ అంది, పొద్దు పొడిచాక జాము అంది. ఆ వేళకు పడమటి కొండ నెత్తిన ఉండే ఆకాశాన్ని నలభై రోజులు చూసి చూసి అద్దాడు. ఆ మాట చెప్పనిస్తే గదా!"

దేచన ఆ గుడ్డ మడత విప్పి చూశాడు. తరవాత, "ఇది నాకు రెండు రోజులు అప్పిస్తావా తల్లీ?" అని అడిగాడు.

"ఇంకా పదిమంది ఉన్నారు లోపల. తీసుకుపో అయ్యా."

మర్నాడు సభలో బిరుదులన్నీ అయ్యేదాకా ఓపిక పట్టి, దేచన ముందుకు వచ్చాడు. నెలల తరబడి అతను నోరు విప్పలేదు గనుక అందరూ మెడలు చాచారు.

"ప్రభూ, ఆకాశపు రంగు గుట్టు నాకు దొరికింది. రేపు పొద్దున చూపిస్తాను. చూపించలేకపోతే నా నాలుక కోయించండి."

"నీ నాలుకా?" అన్నాడు రాజు.

"నాకున్న ఆస్తి అదొక్కటే. అయితే మూడు కోరికలు. రేపు పొద్దు పొడిచాక జాముకల్లా తమరు రావాలి. కనుక బిరుదులు చదవకూడదు. సోమయాజిగారు వెంట రావాలి. మూడోది..." దేచన గొంతు కాస్త తగ్గింది. "అమ్మాయిగారి గదిలోనే చూపించాలి. అమ్మాయిగారు చేపలు పెంచిన గాజుతొట్టి కూడా కావాలి."

 మందాకిని పోయిన నాటినుంచి ఆ గది తలుపు తెరవలేదు. ఆ గాజుతొట్టి సముద్ర వర్తకులు ఎప్పుడో కానుకగా తెచ్చింది, రెండు మూరల పొడవుంటుంది. రాజు సింహాసనం మీంచి ముందుకు వంగాడు.

"నాలుకతో సరిపోదు, తల పోతుంది" అన్నాడు.

"చిత్తం" అన్నాడు దేచన.

మర్నాడు రాజు ఒక్కడే నడిచి వచ్చాడు. బిరుదులు లేకుండా నడుస్తుంటే ఆయన పొట్టిగా కనిపించాడు. గది తలుపు దగ్గర ఆగి, గడప దాటడానికి చాలాసేపు తీసుకున్నాడు. లోపల బొమ్మలు ఎక్కడివక్కడే ఉన్నాయి. మంచం మీద దుప్పటి ముడతలు కూడా సర్దలేదు.

దేచన కిటికీలన్నీ మూసి, గది చీకటి చేశాడు. తూర్పు కిటికీ తలుపులో చిన్న చిల్లు పెట్టించాడు. అందులోంచి ఎండ సన్నని ఊచలాగా లోపలికి వచ్చింది. ఆ ఎండను అద్దంతో మళ్ళించి, నీళ్ళు నింపిన గాజుతొట్టిలో ఈ కొసనుంచి ఆ కొసకు పోయేట్టు నిలిపాడు.

"నీళ్ళేగా" అన్నాడు సోమయాజి.

"నీళ్ళే. తాగి చూడండి" అన్నాడు దేచన.

సోమయాజి చూడలేదు. దేచన చిన్న గిన్నెలోని పాలు వేలితో తీసి, ఒక్కొక్క చుక్కే నీళ్ళలో విడిచి కలిపాడు. నాలుగు చుక్కలు. అయిదు. ఆరు.

తొట్టిలోని ఎండ మెల్లగా రంగు తిరిగింది. ముందు తెల్లటి పొగలా, ఆ తరవాత లేతగా, చల్లగా, నీలంగా.

తొట్టి పక్కన నిలబడ్డ రాజు ఒక అడుగు ముందుకు వేశాడు. "ఇదే" అన్నాడు.  "దేచనా, ఇదే! గుడ్డ ముంచు! త్వరగా ముంచు!"

దేచన తెల్లటి పట్టుగుడ్డ తీసి తొట్టిలో ముంచాడు, నానబెట్టాడు, పిండి విదిల్చాడు. తెల్లటి గుడ్డ. తడి తెల్లటి గుడ్డ.

రాజు ముఖం నల్లబడింది. "రంగేదీ?"

"దాచారు ప్రభూ" అన్నాడు దేచన నెమ్మదిగా. "ఇక్కడ ముగ్గురు ముద్దాయిలున్నారు. నీళ్ళను అడిగాను, నాకు రంగు లేదన్నాయి. పాలను అడిగాను, నేను తెలుపన్నాయి. ఎండను అడిగాను, నేనూ తెలుపే అంది. అయినా ప్రభువు కళ్ళారా నీలం చూశారు. అంటే ముగ్గురూ కలిసి గుట్టు దాస్తున్నారన్నమాట. చెరసాలలో వేయించండి. చెప్పకపోతే బొటనవేళ్ళు నరికించండి. నీళ్ళకు బొటనవేలు ఎక్కడుంటుందో మాత్రం ప్రభువులే సెలవివ్వాలి."

 సోమయాజి ఊరుకోలేక, "ఇదంతా కనికట్టు. మేరువు తాలూకు ఇంద్రనీల కాంతి గోడలు దాటి ఇక్కడికీ వస్తోంది, అంతే" అన్నాడు.

"అయితే తమరు ఈ చివరకు వచ్చి, ఎండ వచ్చే వైపుకు ఎదురుగా నీళ్ళలోంచి చూడండి. మేరువు ఇంకా బాగా కనిపిస్తుంది" అన్నాడు దేచన.

సోమయాజి వంగి చూశాడు. చూసి, ఆలోచించకుండా అనేశాడు. "ఎరుపు! కుంకుమ ఎరుపు! అస్తమించే సూర్యబింబంలా ఉంది!"

"ఎరుపేమిటి? నీలమైతే!" అన్నాడు రాజు పక్కనుంచి.

సోమయాజి గతుక్కుమన్నాడు. "ప్రభువు సెలవిచ్చిందే నిజం. నీలమే. నా కంటికి ఏదో ఎర్రజీర..."

రాజు చరచరా ఆ చివరకు వచ్చి వంగి చూశాడు. "ఎరుపే!"

"ఎరుపే ప్రభూ. నేను మొదటే మనవి చేశాను."

రాజు మళ్ళీ పక్కకు వెళ్ళాడు. "ఇక్కణ్ణుంచి నీలం."

"నిస్సందేహంగా నీలం."

రాజు మళ్ళీ చివరకు వచ్చాడు. ఆయన వెంట సోమయాజి మెడ అటూ ఇటూ తిరుగుతోంది. రాజు సగం దారిలో ఆగాడు. "ఇప్పుడు?"

సోమయాజి నుదుటి మీది విభూతి చెమటకు కారుతోంది. చేతులు జోడించి, "మహాప్రభూ, తమరు ఎక్కడో ఒకచోట నిలబడితే ఏ రంగో మనవి చేస్తాను!" అన్నాడు.

రాజు నోటినుంచి ఒక శబ్దం వచ్చింది. అది నవ్వని ముందు ఎవరికీ తెలియలేదు, ఆయనకు కూడా. ఆపుకోబోయి ఆపుకోలేకపోయాడు. గోడకు ఆనుకుని, కడుపు పట్టుకుని, కళ్ళ వెంట నీళ్ళు కారేదాకా నవ్వాడు. ఆ నీళ్ళు నవ్వు ఆగాక కూడా ఆగలేదు. కూతురి మంచం పట్టె మీద కూర్చుండిపోయాడు.

 దేచన దగ్గరికి వెళ్ళి, చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పాడు.

"సూర్యుడి రథానికి ఏడు గుర్రాలంటారు ప్రభూ. ఏడు రంగులూ కలిసి పరుగెడితే తెల్లటి ఎండ, విడిపోతే ఇంద్రధనుస్సు. ఈ నీళ్ళలో కంటికి ఆనని పాల నలుసులున్నాయి. నీలం వాటికి తగిలి చెదిరి నాలుగు పక్కలా చిమ్ముతుంది. ఎరుపు మొండిది, అంతగా చెదరదు, తిన్నగా పోతుంది. పక్కన ఉన్న తమరికి చెదిరిన నీలం కనిపించింది. ఎదురుగా ఉన్న సోమయాజిగారికి నీలం పోగా మిగిలింది కనిపించింది."

"ఆకాశంలో పాలెక్కడివి?"

"అక్కడ గాలి ఉంది. ఆ పని గాలే చేస్తుంది. అంతెత్తు గాలిలో చెదిరిన నీలమే మన ఆకాశం. పొద్దు వాలినప్పుడు ఎండ ఏటవాలుగా, ఎంతో దూరం గాలిలో నడిచి రావాలి. దారి పొడుగునా నీలమంతా చెదిరిపోయి, మన దాకా ఎరుపే వస్తుంది."

రాజు అడిగాడు. "చెదిరిపోయిన ఆ నీలం ఏమవుతుంది?"

"ఎక్కడికీ పోదు ప్రభూ. మనకు సాయంత్రమైన వేళ పడమటి దేశాల్లో ఇంకా పగలే. వాళ్ళ నెత్తిన ఆకాశమై ఉంటుంది."

రాజు ఆ మాట విని కిటికీ వైపు చూశాడు. "అయితే నా మాట చెల్లదన్నమాట. లేని రంగును ఎవరు అద్దుతారు?"

"ఒకడు అద్దాడు."

దేచన పడమటి కిటికీ తలుపులు బార్లా తెరిచాడు. జాము దాటిన పొద్దు. కొండ నెత్తిన ఆకాశం లేతగా, పాలు కలిసినట్టు తేటగా ఉంది. చంకలోని మడత విప్పి ఆ గుడ్డను కిటికీకి అడ్డంగా పట్టాడు. గుడ్డ అంచు ఎక్కడ అయిందో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియలేదు.

రాజు లేచి నిలబడ్డాడు. "ఎవరు చేశారు?"

"గంగప్ప. తమరు మొదట కాదన్న గుడ్డే ఇది. పాప ఏ కిటికీలోంచి చూసింది, ఏ వేళకు చూసింది అని వాకబు చేసి మరీ అద్దాడు. పొద్దున్నే తెచ్చాడు ప్రభూ. బిరుదులు చదవడం అయ్యేసరికి మధ్యాహ్నమైంది."

రాజు ముఖం వంచాడు. "గంగప్పను పిలిపించు. పక్కన కూర్చోబెట్టి..."

"పిలిస్తే వచ్చే చోట లేడు ప్రభూ. చెరసాలలో పోయి అయిదు రోజులైంది."

 సోమయాజి మెల్లగా గోడవారగా జరిగి తలుపు దాటి వెళ్ళిపోయాడు. రాజు తన చేతికున్న బంగారు కడియం తీసి దేచన ముందు పెట్టాడు.

"నన్ను నవ్వించావు. నా కళ్ళు తెరిపించావు. ఇది నీది. ఇంకేం కావాలో కోరుకో."

దేచన కడియం ముట్టుకోలేదు. "నీలివాడ గుట్టు దాస్తోందన్న మాట మొదట అన్నది నా నోరే. బహుమతి అందుకునే చెయ్యి నాకు లేదు. పదిమందిని వదిలేయండి."

"అన్నది నువ్వు" అన్నాడు రాజు. "నమ్మింది నేను." ఆ కడియాన్ని తానే దేచన చేతికి తొడిగాడు. చెరసాలకు అప్పుడే ఆజ్ఞ పంపాడు. పదిమందీ మధ్యాహ్నంలోగా బయటికి వచ్చారు, కళ్ళకు చేతులు అడ్డం పెట్టుకుని, ఎండకు ఓర్వలేక. బొటనవేళ్ళు ఉన్నాయా అని ఒకరి చేతులు ఒకరు చూసుకున్నారు.

"పదకొండో ఇంటికి?" అని అడిగాడు దేచన.

"నేనే వస్తాను" అన్నాడు రాజు.

పల్లకీ వద్దన్నాడు. వందిమాగధులు వెంట రాబోతే చేత్తో ఆపాడు. రాజును ఎప్పుడూ అంత దగ్గరగా చూడని నీలివాడ ఆడవాళ్ళు గుమ్మాల్లో నిలబడి, దండం పెట్టాలో తలుపులు వేసుకోవాలో తెలియక అలాగే ఉండిపోయారు. చెంగమ్మ వాకిట్లో బోర్లించిన బాన పక్కన కూర్చుని ఉంది. ఆమె లేవలేదు.

రాజు ఏం మాట్లాడాలో అనుకుంటూ వచ్చాడు గాని, ఆమె ఎదుట నిలబడేసరికి అదంతా మరిచిపోయాడు. చివరికి, "వాగు ఒడ్డు భూమంతా నీలివాడకే రాసిచ్చాను. నీకు వేరే ఏం కావాలన్నా..." అన్నాడు.

"నాకేం వద్దు దొరా. గుడ్డ ఇయ్యండి" అంది చెంగమ్మ.

దేచన ఆ మడత ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని ఒడిలో పరుచుకుని నీలం పట్టిన అరచేత్తో ముడతలు సరిచేసింది. రాజు ముఖం పాలిపోయింది. అది ఆమె మొగుడి చేతి గుడ్డ. ఇక తిరిగివ్వదనుకున్నాడు. ఇవ్వమని అడిగే ముఖం తనకు లేదని కూడా అనుకున్నాడు.

"ఆబ్దికం ఎల్లుండే గదా" అంది ఆమె, తలెత్తకుండానే. "ఈ గుడ్డ కొత్తవాళ్ళకు లొంగదు, బాగా పలచన. కుట్టు నేనే వేస్తాను. పాప ఎంత పొడవుండేది?"

రాజు చెయ్యి చాపాడు. నేలనుంచి ఇంత అని చూపించబోయి, ఛాతీ దాకా పెట్టి, కాదని కాస్త దించాడు. మళ్ళీ ఒక వేలు ఎత్తు పెంచాడు. 

చెంగమ్మ లేచి వచ్చింది. ఆ అరచేతి కిందినుంచి నేల దాకా జానలు వేసి కొలుచుకుంది. అయిదు జానల మీద రెండు వేళ్ళు. కొలిచి, "కాస్త వదులుగానే పెడతాను దొరా, ఎదిగే పిల్ల" అంది.

ఆ మాటకు రాజు ఆమె కాళ్ళ ముందు నేల మీద కూర్చుండిపోయాడు.